క్షారం: ఒకే మాట, ఎన్నో లెక్కలు

వంటింట్లో కారం డబ్బా ఉంటుంది. బంగారం పని చేసేవారి కుంపటి పక్కన వెలిగారం ఉంటుంది. మందుగుండు సరంజామాలో సురేకారం ఉంటుంది. బడిపిల్లల రసాయన శాస్త్రంలో ఆమ్లం పక్కనే క్షారం ఉంటుంది. అన్నిటిలోనూ వినపడేది ఒకటే శబ్దం, పదార్థాలకు మాత్రం ఒకదానితో ఒకటికి పొత్తు లేదు. మిరపకారం మంట కాప్సైసిన్ వల్ల వచ్చేది, దానికి రసాయన శాస్త్రపు క్షారంతో చుట్టరికం లేదు. వెలిగారం, అంటే బోరాక్స్, నీళ్ళలో కరిగితే పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత, 7 తటస్థం) 9 దాటుతుంది కనుక అది నిజంగానే ఒక బలహీన క్షారం. సురేకారం, అంటే పొటాషియం నైట్రేట్, తటస్థ లవణం. లిట్మస్ కాగితాన్ని ఎటూ కదిలించదు.

ఇది తెలుగువారి పొరపాటేమీ కాదు. క్షారం మొదట్లో పదార్థం పేరు కాదు, పదార్థం చేసే పనిని చెప్పే మాట. ‘క్షర’ ధాతువుకు కారడం, కరిగిపోవడం, నశించడం అని అర్థాలు. నశించనిది అక్షరం, తాకినదాన్ని కరిగించి రాల్చేది క్షారం. కొరికేది, కరిగించేది, నాలుకను చురుక్కుమనిపించేది ఏదైనా ఈ పేరుకు అర్హమే. ఒక్కో వృత్తి ఆ గుణాన్ని తనకు తెలిసిన వస్తువుకు అంటగట్టింది. ఇవాళ ఒక వృత్తిలోని అర్థాన్ని పట్టుకుని ఇంకో వృత్తిలోని వాక్యాన్ని చదివితే లెక్క తప్పుతుంది. ఆ తప్పు నిఘంటువులో ఆగిపోదు, చేలోకి, చెరువులోకి, కంట్లోకి కూడా వెళ్తుంది.

పొరుగు భాషల్లోనూ ఇదే కథ. హిందీలో ఖారా అంటే ఉప్పన. కన్నడంలో ఖార అంటే మనలాగే మిరపమంట. అస్సాంలో ఖార్ అంటే ఎండబెట్టిన అరటితొక్క కాల్చి, ఆ బూడిదను నీళ్ళలో వడగట్టి తీసిన తేట. దానితో వండిన కూరకూ అదే పేరు. హైదరాబాద్ బేకరీలో ఖారా బిస్కెట్ అడిగితే తీపి లేనిది ఇస్తారు, అందులో మిరప ఉండాలనేమీ లేదు. పాత అర్థానికి అస్సాం వంటిల్లే అందరికంటే దగ్గరగా ఉంది, ఎందుకంటే క్షారం అసలు పుట్టిల్లు బూడిద.

తెలుగు కారం క్షారానికి తద్భవమని చెప్పడం వాడుక. ఘాటును చెప్పే ‘కార్’ అనే ద్రావిడ ధాతువు కూడా ఉంది కనుక రెండు పాయలు కలిసిపోయాయనుకోవడానికీ చోటుంది. ఏ దారిన వచ్చినా, మిరప ఈ నేల మీదికి వచ్చింది 16వ శతాబ్దంలో పోర్చుగీసువారితో. అంతకుముందు ఘాటంటే మిరియాలు, పిప్పళ్ళు, అల్లం. కొత్తగా వచ్చిన కాయ పాత మాటను మొత్తంగా ఆక్రమించుకుంది. ఇప్పుడు ‘చెంచాడు కారం’ అంటే పొడే తప్ప గుణం కాదు. వెలిగారం, సజ్జకారం, సురేకారం లాంటి సమాసాల్లో మాత్రం పాత అర్థం గడ్డకట్టి నిలిచింది. వెలిగారంలోని ‘వెలి’ తెలుపు. తెల్లని కారం అని భావం. తమిళంలోనూ దాని పేరు వెంకారమే.

రుచా, పదార్థమా

ఈ మాటను గుణంగా లెక్కించాలా, వస్తువుగా లెక్కించాలా అన్న తగవు కొత్తది కాదు. చరక సంహిత సూత్రస్థానం 26వ అధ్యాయంలో రుచులు ఎన్ని అనే విషయం మీద ఋషుల మధ్య చర్చ జరుగుతుంది. ఒకరు ఒకటే అంటారు, ఒకరు రెండంటారు, లెక్క పెరుగుతూ పోతుంది. విదేహ రాజు నిమి ఏడంటాడు. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరులకు ఏడోదిగా క్షారాన్ని చేరుస్తాడు. బడిశ ధామార్గవుడు దానికి అవ్యక్తాన్నీ, అంటే ఇదీ అని స్పష్టంగా తెలియని రుచినీ, కలిపి ఎనిమిది చేస్తాడు.

చర్చను ముగించే గురువు ఆత్రేయుడి తీర్పు ఆరు దగ్గర ఆగుతుంది. క్షారాన్ని ఎందుకు తీసేశాడో చెప్పిన కారణం ఈనాటి వర్గీకరణ పాఠంలో పెట్టినా నప్పుతుంది. కరిగించేది కనుక క్షారం. అది రుచి కాదు, ద్రవ్యం. అనేక రుచులున్న వస్తువుల నుంచి పుట్టింది, తనలోనూ అనేక రుచులున్నాయి, వాటిలో కటువు (కారం), లవణం (ఉప్పు) ఎక్కువ. పైగా అది మనిషి ప్రక్రియతో తయారుచేసినది. చివరి మాట ముఖ్యం. పులుపు చింతకాయలో ఉంటుంది, దాన్ని ఎవరూ తయారుచేయనక్కర్లేదు. క్షారం ఊరికే దొరకదు. కట్టె కాల్చాలి, బూడిద నానబెట్టాలి, వడగట్టాలి, కాచాలి. ప్రక్రియ ఉన్నచోట ఫలితం ద్రవ్యమవుతుందే కాని రుచి కాదు.

అదే గ్రంథం విమానస్థానంలో పిప్పళ్ళు, క్షారం, ఉప్పు మూడింటినీ అతిగా వాడొద్దంటుంది. క్షారం ఎక్కువ తినేవారికి చూపు మందగించడం, జుట్టు రాలడం, నెరవడం లాంటివి వస్తాయని చెబుతూ తూర్పు దేశాలవారిని, చీనులను ఉదాహరణగా చూపిస్తుంది. వైద్యపరంగా ఆ జాబితాకు ఎంత విలువ ఇవ్వాలన్నది వేరే సంగతి. మాట చరిత్రకు మాత్రం అది మంచి సాక్ష్యం: తూర్పువైపు క్షారాన్ని రోజూ తినే అలవాటు అప్పటికే ఉంది, ఆ క్షారం బూడిద తేటే అయి ఉండొచ్చు.

సుశ్రుతుడి బాన

సుశ్రుత సంహిత సూత్రస్థానం 11వ అధ్యాయం మొత్తం క్షారం తయారీకి, వాడకానికే. అక్కడ క్షారం అచ్చంగా శస్త్రచికిత్స పరికరం; మొలలు, పులిపిరులు, భగందరం (మలద్వారం పక్కన పడే నాళపు పుండు) లాంటివాటిని కత్తి లేకుండా తినేయించే మందు. పైన పూసేది ప్రతిసారణీయం, లోపలికి తాగించేది పానీయం. పూసేదానిలో మృదు, మధ్యమ, తీక్ష్ణ అని మూడు తరగతులు.

పద్ధతి ఇది. ముష్కకం అనే చెట్టు కట్టెలను సున్నపురాళ్ళతో కలిపి, నువ్వుకట్టె అంటించి కాలుస్తారు. చల్లారాక కట్టె బూడిదను, కాలిన సున్నపురాళ్ళను విడివిడిగా తీస్తారు. ఒక ద్రోణం (పాతకాలపు కొలత) బూడిదకు ఆరు ద్రోణాల నీళ్ళు లేదా గోమూత్రం కలిపి 21 సార్లు వడగడతారు. ఆ తేటను పెద్ద బాణలిలో గరిటెతో మెల్లగా తిప్పుతూ కాస్తారు. తేటగా, ఎర్రగా, తీక్ష్ణంగా, జిగటగా అయ్యాక మళ్ళీ వడగడతారు. ఇక్కడికి తయారైంది ప్రధానంగా పొటాషియం కార్బనేట్ ద్రావణం. కొరుకుతుంది కాని చర్మాన్ని తినేసేంత కాదు.

తర్వాతి మెట్టులోనే విశేషమంతా ఉంది. సున్నపురాళ్ళు, ఆల్చిప్పలు, శంఖనాభులను ఇనుప పాత్రలో నిప్పులా ఎర్రగా కాల్చి, ఆ క్షారజలంలోనే ఆర్పి, నూరి, కాగుతున్న ద్రావణంలో కలపమంటాడు. కాలిన సున్నం నీళ్ళు తాగి కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది. అది పొటాషియం కార్బనేట్‌తో కలిసినప్పుడు కార్బనేట్ భాగం సున్నంతో సుద్దగా అడుగుకు దిగిపోతుంది, పైన పొటాషియం హైడ్రాక్సైడ్ మిగులుతుంది. కాస్టిక్, అంటే చర్మాన్ని తినేసే ఘాటు క్షారం, తయారీ అంటే ఇదే. సున్నం కలపనిది మృదువు, కలిపినది మధ్యమం, దానికి దంతి, చిత్రమూలం లాంటి ఘాటు మందులు చేర్చినది తీక్ష్ణం.

భద్రపరచడంలోనూ పనివాడి చూపు కనిపిస్తుంది. ఇనుప కుండలో పోసి మూతి గట్టిగా మూయాలి. కొన్నాళ్ళకు బలం తగ్గితే కొత్త క్షారజలం పోసి బలం తెప్పించాలి. బలం తగ్గడం ఎందుకంటే ఈ ద్రావణం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని తిరిగి కార్బనేట్‌గా మారిపోతుంది. కారణం చెప్పగల శాస్త్రం 1750ల దాకా ఎక్కడా లేదు. జాగ్రత్త మాత్రం ముందే ఉంది.

వాడకంలో, పూసి నూరు మాత్రలు (ఒక మాత్ర అంటే హ్రస్వాక్షరం పలికేంతసేపు) లెక్కపెట్టేంతసేపు ఆగాలి. సరిగ్గా పనిచేసిన చోట చర్మం పండిన నేరేడుపండు రంగుకు తిరుగుతుంది. అప్పుడు నెయ్యి, తేనెతో పాటు పుల్లని ద్రవ్యాలు వేసి శాంతింపజేయాలి. పులుపు కూడా మంట పుట్టించేదే కదా, మంటను మంట ఎలా ఆర్పుతుందని శిష్యుడి సందేహం. క్షారంలో పులుపు తప్ప మిగతా రుచులన్నీ ఉన్నాయి, పులుపుతో కలిస్తే అది తీక్ష్ణతను వదిలి మాధుర్యాన్ని పొందుతుందని జవాబు. ఆమ్లం, క్షారం కలిసి రెండూ తమ గుణం పోగొట్టుకుంటాయన్న సంగతిని రుచుల భాషలో ఇంతకన్నా సూటిగా చెప్పలేం.

బెంగాలీ రసాయనవేత్త ప్రఫుల్లచంద్ర రాయ్ 20వ శతాబ్దం మొదట్లో ఈ ప్రక్రియను ప్రపంచం ముందు పెట్టినప్పుడు ఫ్రెంచి రసాయనవేత్త బెర్తెలో నమ్మలేదు. యూరోపియన్ల పరిచయం అయ్యాక ఎవరో చేర్చిన భాగం కావచ్చన్నాడు. ఆయుర్వేద గ్రంథకర్తలైన వాగ్భటుడిలోను, 11వ శతాబ్దపు చక్రపాణిదత్తుడిలోను ఇదే పద్ధతి ఉందని చూపించి రాయ్ బదులిచ్చాడు. ఈ పరంపర పూర్తిగా చచ్చిపోలేదు. భగందరానికి కట్టే క్షారసూత్రం దీని సంతతే. దారానికి 11 పూతలు జెముడు పాలతో, 7 పూతలు జెముడు పాలు, ఉత్తరేణి క్షారంతో, 3 పూతలు జెముడు పాలు, పసుపుతో, మొత్తం 21. కాశీ హిందూ విశ్వవిద్యాలయం 1960ల నుంచి దీన్ని మళ్ళీ వాడుకలోకి తెచ్చింది.

పాత నిర్వచనం ఎంత గురిగా ఉందో ఆస్పత్రిలో తెలుస్తుంది. ఆమ్లం పడ్డ చోట మాంసకృత్తులు గడ్డకట్టి పొర కడతాయి, ఆ పొర కొంతవరకు లోపలికి పోనివ్వదు. క్షారం అలా కాదు, కొవ్వును సబ్బుగా మారుస్తూ, మాంసకృత్తులను కరిగిస్తూ లోపలికి దిగుతూనే ఉంటుంది. సబ్బునీళ్ళలా వేళ్ళకు జారుడుగా తగలడం కూడా చర్మం మీది కొవ్వు అప్పుడే సబ్బవుతున్నందుకే. అందుకే కిళ్ళీ సున్నం ప్యాకెట్ చిట్లి పిల్లల కంట్లో పడడం అంత ప్రమాదం. అక్కడ సుశ్రుతుడి పులుపు పనికిరాదు. నిమ్మరసం, మజ్జిగ పోస్తే తటస్థీకరణ వేడి, కొత్త గాయం అదనం. సున్నపు పలుకులు తీసేసి, వెంటనే మంచినీళ్ళతో ఆపకుండా కనీసం 20 నిమిషాలు కడుగుతూ ఆస్పత్రికి తీసుకుపోవాలి.

బూడిద నుంచి హైడ్రాక్సైడ్ దాకా

యూరప్ మాట కూడా బూడిదలోనే పుట్టింది. అరబ్బీలో అల్-ఖలీ అంటే ఉప్పునేలల్లో పెరిగే మొక్కలను కాల్చిన బూడిద. అదే ఆల్కలీ అయింది. కట్టెల బూడిద తేటను కుండలో ఇగర్చితే మిగిలేది పొటాష్; కుండ, బూడిద అనే రెండు మాటల అతుకు అది. 1807లో హంఫ్రీ డేవీ పొటాష్‌ను కరిగించి విద్యుత్తు పంపి కొత్త లోహాన్ని తీశాడు, కొద్ది రోజులకే సోడా నుంచి మరొకటి. పొటాషియానికి సంకేతంగా నిలిచిన ‘కే’ అక్షరం కాలియం నుంచి, అంటే ఆ అరబ్బీ బూడిద నుంచి వచ్చినదే.

అంతకుముందు యూరప్ కూడా ఒకే మాటకు పలు అర్థాల చిక్కు పడింది. చాలాకాలం ఆమ్లం పోస్తే పొంగేదల్లా ఆల్కలీ. ఆ లెక్కన సుద్దముక్క కూడా ఆల్కలీయే, అసలైన కాస్టిక్ మాత్రం కాదు, ఎందుకంటే అది పొంగదు. 1664లో రాబర్ట్ బాయిల్ వయొలెట్ పూల రసాన్ని కొలబద్దగా తెచ్చాడు: ఆమ్లంలో ఎరుపు, ఆల్కలీలో ఆకుపచ్చ. 1736లో దుహామెల్ సముద్రపు ఉప్పులోని ఆల్కలీ, కట్టె బూడిదలోని ఆల్కలీ ఒకటి కావని తేల్చాడు. 1750ల మధ్యలో జోసెఫ్ బ్లాక్ అసలు ముడి విప్పాడు. పొంగించేది ఆల్కలీ కాదు, దానిలో ఇరుక్కున్న గాలి. ఆ గాలిని సున్నం లాగేసుకుంటే మిగిలేదే కాస్టిక్. సుశ్రుతుడి బాణలిలో జరిగినదానికి ఇది వివరణ.

1754లో రూయెల్ ‘బేస్’ అనే మాటను స్థిరపరిచాడు. ఎగిరిపోయే ఆమ్లాన్ని పట్టి లవణంగా నిలబెట్టే పీఠం అని ఊహ. దీనితో రెండు మాటలు వేరు పడ్డాయి. ఆమ్లాన్ని తటస్థం చేసేదల్లా బేస్, వాటిలో నీళ్ళలో బాగా కరిగేది ఆల్కలీ. 1880లలో అరీనియస్ నీళ్ళలో హైడ్రాక్సైడ్ అయాన్లనిచ్చేది బేస్ అన్నాడు. అమ్మోనియా తనలో హైడ్రాక్సైడ్ లేకుండానే బేస్‌లా ప్రవర్తిస్తుంది కదా; 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీ విడివిడిగా ప్రోటాన్‌ను అందుకునేది బేస్ అని మార్చారు. అదే ఏడాది లూయిస్ ఎలక్ట్రాన్ జంటను ఇచ్చేది అన్నాడు. ఆల్కలీ మాత్రం పాతచోటే ఉండిపోయింది.

మనదగ్గర ఆ రెండు పీటలకూ క్షారమే కూర్చుంది. హిందీవారు బేస్‌కు క్షారక్, ఆల్కలీకి క్షార్ అని పంచుకున్నారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో బేస్‌కు క్షారం వాడి, క్షార లోహాలు అనేచోట ఆల్కలీకీ అదే వాడతారు. జీవశాస్త్రానికొస్తే డీఎన్ఏలో నత్రజని క్షారాలు. వాటిలో ఒకటైన అడినిన్ తాకితే వేలు జారుడుగా ఉండదు, దేన్నీ కొరకదు. ప్రోటాన్‌ను అందుకోగల నత్రజని ఉందన్నంతవరకే అది క్షారం. కాపర్ హైడ్రాక్సైడ్ నీళ్ళలో కరగదు, అయినా క్షారమే. ‘క్షారాలన్నీ జారుడుగా ఉంటాయి, ఎర్ర లిట్మస్‌ను నీలం చేస్తాయి’ అని బట్టీపట్టిన పిల్లవాడికి ఈ రెండూ మింగుడు పడవు. బేస్‌కు వేరే మాట ఒకటి నిలబెట్టి ఉంటే సగం తికమక తప్పేది. ఇప్పుడు మార్చడం కష్టం కనుక, కరిగే క్షారమా కరగనిదా అని పక్కన ఒక్క మాట చేర్చి రాయడమే దారి.

చెరువు గట్టు మీద

ఒకే మాటకు రెండు కొలతలు తగులుకుంటే ఏమవుతుందో గోదావరి, కృష్ణా, నెల్లూరు వైపు రొయ్యల చెరువుల దగ్గర చూడొచ్చు. పీహెచ్ ఒక కొలత, ఆల్కలినిటీ ఇంకో కొలత. తెలుగులో రెంటినీ క్షారత్వం అనేస్తారు. రైతులు ఆ మాట వదిలేసి ఇంగ్లీషు మాటలే పట్టుకున్నారంటే వారి జాగ్రత్త వారిది.

పీహెచ్ నీటి ఈ క్షణపు స్థితి. ఆల్కలినిటీ ఆ నీరు ఎంత ఆమ్లాన్ని ఓర్చుకోగలదో చెప్పే నిల్వ. ఎక్కువగా బైకార్బనేట్లు, కార్బనేట్లు. చేతిలో డబ్బుకు, బ్యాంకులో డబ్బుకు ఉన్నంత తేడా. పగలు నాచు, వృక్షప్లవకాలు కార్బన్ డయాక్సైడ్‌ను వాడేసుకోవడంతో మధ్యాహ్నానికి పీహెచ్ ఎగబాకుతుంది, తెల్లవారేసరికి దిగుతుంది. ఆల్కలినిటీ తక్కువున్న చెరువులో ఈ ఊగిసలాట మరీ ఎక్కువ. అంటే మధ్యాహ్నం 9.2 చూపిన చెరువులో నిల్వ బాగా ఉందనుకోవడం తలకిందుల లెక్క. నిల్వ లేకనే అంత పైకి పోయి ఉండొచ్చు. అక్కడ కాల్చిన సున్నం చల్లితే పీహెచ్ ఇంకా పెరిగి, నీటిలోని అమ్మోనియా విషరూపంలోకి మొగ్గుతుంది. వంట సోడా అయితే పీహెచ్‌ను 8.3 దాటించకుండా నిల్వను పెంచుతుంది. పొద్దున, మధ్యాహ్నం రెండుసార్లు పీహెచ్ చూసి, ఆల్కలినిటీ వేరుగా కొలిచాకే మందు మాట.

కొలవడం కష్టం కాదు. 50 మిల్లీలీటర్ల నీళ్ళలో రెండు మూడు చుక్కల మిథైల్ ఆరెంజ్ వేసి, 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని బ్యూరెట్‌తో చుక్కచుక్కగా వదలాలి. పసుపు నారింజకు తిరగగానే ఆపాలి. ఎర్రబడేదాకా పోనిస్తే ఎక్కువ లెక్క వస్తుంది. ఖర్చైన ఒక్కో మిల్లీలీటరుకు లీటరుకు 20 మిల్లీగ్రాములు, కాల్షియం కార్బనేట్ లెక్కన. 6 మిల్లీలీటర్లు పడితే 120. తాగునీటి భారతీయ ప్రమాణంలో కూడా ఇవి రెండు వేర్వేరు వరుసలు: పీహెచ్ 6.5 నుంచి 8.5, ఆల్కలినిటీ 200 మిల్లీగ్రాములు, వేరే నీటివనరు లేనప్పుడు 600 దాకా.

పాలచౌడు, కారుచౌడు

రైతుల మాట పుస్తకాల మాటకంటే పదునుగా ఉన్న చోటు ఇది. ఉప్పు పైకి తేలి తెల్లగా పేరుకునే నేల పాలచౌడు. నల్లటి పొర కట్టి, తడిస్తే జిగటగా, ఎండితే రాయిలా ఉండేది కారుచౌడు. ఇక్కడి ‘కారు’ కారుమబ్బులోని నలుపే, కారానికీ క్షారానికీ సంబంధించినది కాదు. తమాషా ఏమంటే, నిజంగా క్షార నేల మాత్రం అదే. సోడియం కార్బనేట్ మట్టిలోని జీవపదార్థాన్ని కరిగించి పైకి తేవడం వల్ల ఆ నలుపు. కాలిఫోర్నియా నేలలను పరిశీలించిన హిల్గార్డ్ కూడా తెల్ల ఆల్కలీ, నల్ల ఆల్కలీ అనే విడదీశాడు.

ప్రయోగశాల లెక్కలో పాలచౌడుకు విద్యుద్వాహకత మీటరుకు 4 డెసిసీమెన్స్ పైన, పీహెచ్ 8.5 లోపు, మట్టికణాలకు అంటుకున్న సోడియం 15 శాతం లోపు. కారుచౌడులో వాహకత 4 లోపు, పీహెచ్ 8.5 పైన, సోడియం 15 శాతం పైన. గట్టు మీద నిలబడి చూసే పరీక్ష ఒకటుంది: నిలిచిన నీళ్ళు తేటగా ఉంటే పాలచౌడు, ఎన్ని రోజులైనా బురదగా, తేటపడకుండా ఉంటే కారుచౌడు. ఉప్పు ఎక్కువున్న నీళ్ళలో బంకమట్టి కణాలు గుంపుకట్టి అడుగుకు దిగుతాయి. సోడియం అంటుకున్న కణాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ విడిపోయి రంధ్రాలను పూడ్చేస్తాయి. నీరు దిగదు, వేరు ఊపిరాడక చస్తుంది.

మందులూ వేరు. పాలచౌడుకు కావలసింది మంచినీళ్ళు, మురుగు కాలువ. మడి కట్టి నీళ్ళు నిలిపి మూడు నాలుగు సార్లు తీసేస్తే ఉప్పు పోతుంది. అక్కడ జిప్సం కొని చల్లడం డబ్బు దండగ. కారుచౌడుకు అదే నీటి వైద్యం ఒక్కటే చేస్తే నేల ఇంకా బిగుస్తుంది. ముందు జిప్సంలోని కాల్షియం సోడియంను కణాల నుంచి నెట్టాలి, తర్వాత నీళ్ళతో పంపాలి. 100 గ్రాముల మట్టిలో ఒక మిల్లీ ఈక్వివలెంట్ సోడియంను తొలగించడానికి, 15 సెంటీమీటర్ల లోతుకు ఎకరాకు సుమారు 780 కిలోల స్వచ్ఛమైన జిప్సం పడుతుంది. మూడు తొలగించాలంటే 2,340 కిలోలు. జిప్సం స్వచ్ఛత 80 శాతమే అయితే 2,925. చదును చేసిన మడిలో సమంగా చల్లి, పై 10-15 సెంటీమీటర్లలోనే కలపాలి. లోతుగా దున్ని కలిపితే బలం పలచబడుతుంది. తర్వాత రెండు వారాలు నీళ్ళు నిలిపి, మురుగు కాలువలోకి వదలాలి. కాలువ లేకపోతే తొలగిన సోడియం అక్కడే తిరుగుతుంది. ఆపైన జీలుగ వేసి కలియదున్నితే నేల గుల్లబారుతుంది. ఈ నేలల్లో వరికి జింకు లోపం దాదాపు తప్పదు, దానికి వేరే ఏర్పాటు ఉండాలి.

మట్టి పరీక్ష చీటీలో ‘క్షార నేల’ అని మాత్రం రాసి ఇస్తే రైతుకు ఉపయోగం సగమే. పీహెచ్, వాహకత, సోడియం శాతం మూడు అంకెలూ అడిగి తీసుకోవాలి.

నిమ్మకాయ క్షారమా

ఆరోగ్య ప్రసంగాల్లో ఈ మధ్య తరచు వినపడే మాట: నిమ్మకాయ క్షార ఆహారం. నిమ్మరసం పీహెచ్ 2.4 చుట్టుపక్కల ఉంటుంది, అంతకన్నా ఆమ్లం వంటింట్లో దొరకదు. రసాయనం తెలిసినవారు నవ్వుతారు, చెప్పేవారు నొచ్చుకుంటారు. ఇద్దరూ వాడేది రెండు వేర్వేరు అర్థాలని ఎవరూ గమనించరు. ఆహారాన్ని పూర్తిగా కాల్చి, మిగిలిన బూడిద ఆమ్లమా క్షారమా అని చూసే పద్ధతి ఒకప్పటి పోషక శాస్త్రంలో ఉంది. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం కాలిపోతుంది, అందులోని పొటాషియం మాత్రం కార్బనేట్‌గా మిగులుతుంది, బూడిద క్షారమే. శరీరంలోనూ సిట్రేట్ దహనమై బైకార్బనేట్ మిగులుతుంది, మూత్రం పీహెచ్ కొంత మారుతుంది. రక్తం పీహెచ్ మాత్రం ఊపిరితిత్తులు, మూత్రపిండాల కాపలాలో 7.35 నుంచి 7.45 మధ్యే ఉంటుంది. తినేదాన్ని బట్టి రక్తం క్షారమైపోతుందన్న వాగ్దానం నిలవదు. నిమ్మ బూడిద క్షారమన్నది నిలుస్తుంది.

చూడాలంటే పసుపు చాలు. పసుపు నీళ్ళలో వడపోత కాగితం ముంచి ఆరబెడితే పరీక్ష కాగితం తయారు. ఇది పీహెచ్ 8 దాటాక ఎరుపుకు తిరుగుతుంది. వంట సోడా నీళ్ళలో మార్పు లీలగా, చాకలి సోడాలో స్పష్టంగా, సున్నపు తేటలో ముదురుగా. పెళ్ళిలో కాళ్ళకు పెట్టే పారాణి పసుపు, సున్నమే కనుక ఇదే ఎరుపు. పారాణి మీద నిమ్మరసం పిండితే తిరిగి పసుపవుతుంది. పసుపు కొమ్ములను నిమ్మరసం, వెలిగారం, పటికలతో చేసిన సంప్రదాయ కుంకుమ అలా మారదు. అక్కడి ఎరుపు క్షారం వల్ల కాదు, వెలిగారంలోని బోరాన్ పసుపు రంగుతో ముడిపడడం వల్ల. అందుకే అది పులుపులోనూ నిలుస్తుంది.

ఇప్పుడు పిండేసిన నిమ్మ తొక్కలను బాగా ఎండబెట్టి, ఇనుప మూకుడులో తెల్లని బూడిద అయ్యేదాకా కాల్చాలి. నల్లబొగ్గు మిగిలితే కాలడం చాలలేదని లెక్క. చెంచాడు బూడిదకు ఆరు చెంచాల వేడినీళ్ళు పోసి గంటసేపు ఉంచి, గుడ్డలో వడగట్టాలి. ఆ తేటలో ముంచిన పసుపు కాగితం ఎర్రబడుతుంది. ఇంకో నిమ్మ చెక్క తెచ్చి దాని మీద రెండు చుక్కలు పిండితే, మళ్ళీ పసుపు.